శారమ్మ సాక్ష్యం

రెండువేల ఆరులో చెరకు క్రషింగు మొదలైన రోజు, చక్కెర ఫ్యాక్టరీ సైరను విని మా బాపు మంచం మీద కూర్చునే "పుఢే చలా" అని, బండ్లను ముందుకు పొమ్మని మరాఠీలో అరవబోయాడు. ఇంట్లో ఉన్న మాకు అర్థమైంది. యార్డులో ఉన్న బండివాడెవడికీ అర్థమయ్యేది కాదు, ఎందుకంటే అప్పటికే ఆయన నాలుక మొద్దుబారిపోయింది. సైరను ఆగింది. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒకసారి తొంగిచూసి ఏమీ విననట్టు మళ్ళీ పిండి కలుపుకుంది.

మా బాపు పేరు ఏసుదానం. బోధన్‌లో చెరకు బండ్లు తోలినవాళ్ళలో ఆయన గొంతు ఎరగనివాళ్ళు లేరు. సీజను నడిచినన్నాళ్ళూ యార్డులో నిలబడి బండ్లను వరుసగా పేరుపెట్టి పిలిచి లోపలికి పంపడం ఆయన పని. మహారాష్ట్ర బండ్లను మరాఠీలో పిలిచేవాడు, లారీ డ్రైవర్లను ఉర్దూలో తిట్టేవాడు, మనవాళ్ళను రెండూ కలిపి అదిలించేవాడు. యార్డులో మైకు కూడా ఉండేది గానీ, ఏసుదానం డ్యూటీలో ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆదివారం అదే గొంతుతో చర్చిలో కీర్తన ఎత్తుకునేవాడు. "దేవుణ్ణి గూడ బండి లెక్క తోల్తడు మీ బాపు" అని అవ్వ నవ్వేది. మా అవ్వ శారమ్మ, ఆడపిల్లల హాస్టల్లో ఆయా. నేను సామేలు, వాళ్ళకు ఒక్కడే కొడుకును. బస్టాండు దగ్గర ఆటో నడుపుకునేవాణ్ణి.

జబ్బు చెప్పుతో మొదలైంది. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయేది, జారినట్టు ఆయనకు తెలిసేది కాదు. తర్వాత అంగీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత మాట ముద్దముద్దగా వస్తుంటే తాగాడేమోనని యార్డులో మేస్త్రి నోరు వాసన చూశాడట. ఆ అవమానం బాపు చాలాకాలం మరిచిపోలేదు. వానాకాలానికి ముందు హైదరాబాద్ పెద్ద సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ నాలుక బయటపెట్టమంది. నాలుక ఊరికే ఉండకుండా సన్నగా అదురుతోంది. ఆమె చాలాసేపు చూసి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. మనిషిని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బని, దీన్ని ఆపే మందు ఎక్కడా లేదని, తెలివికి మాత్రం ఏమీ కాదని, చివరిదాకా ఆయనకు అన్నీ తెలుస్తూనే ఉంటాయని చెప్పింది.

"అన్నీ తెలుస్తయా డాక్టరమ్మా?" అంది అవ్వ.

"తెలుస్తాయమ్మా."

"దేవునికి స్తోత్రం" అంది అవ్వ. అది ఎంత కష్టమైన వరమో మాకు ఆ రోజు తెలియదు.

మూలకణాల సంగతి అవ్వకు హాస్టల్లో టీవీ చూస్తుంటే తెలిసింది. పిల్లలు బడికి పోయాక గదులు ఊడుస్తూ ఆమె ఏదో ఒకటి పెట్టుకునేది. అందులో ఒక డాక్టరు, మన ఎముకల్లోని మూలుగులోనే కొన్ని కణాలుంటాయని, వాటిని తీసి వెన్నులోకి ఎక్కిస్తే చచ్చిన నరాల చోట కొత్తవి పుట్టొచ్చని చెప్పాడట. అడుగున ఫోన్ నంబరు వస్తే చీపురు పడేసి, గోడమీద బొగ్గుతో రాసుకుంది. హాస్టలు మేడం తిట్టిందని ఆ సాయంత్రం నవ్వుకుంటూ చెప్పింది. నెలల తర్వాత అవ్వ నవ్వడం అదే మొదలు. అందుకే నేను వెనకా ముందూ ఆలోచించకుండా సరేనన్నాను.

ఆ దవాఖాన పేరు చెప్పను. హైదరాబాద్‌లో అద్దాల మేడ, లోపల ఏసీ. డాక్టరు నా వయసువాడే ఉంటాడు, మర్యాదస్తుడు. అవ్వను ఒక్కసారి కూడా కసురుకోలేదు, అడిగినదానికల్లా ఓపికగా జవాబిచ్చాడు. కాగితం మీద వెన్నుపూస గీసి చూపించాడు.

"అంటే చచ్చిన నరాలు మల్ల మొలుస్తయా సారూ?" అంది అవ్వ.

"మొలవొచ్చమ్మా. కొందరికి బాగా పనిచేసింది. మూడు నెలలు చూడాలి."

"కొందరంటే ఎంతమందికి?" అన్నాను నేను.

"ఒక్కొక్కరి శరీరం ఒక్కొక్క రకం కదండీ" అన్నాడు.

అది జవాబు కాదని నాకు అనిపించింది. కానీ తిరుగు బస్సులో బాపు కిటికీలోంచి చెరకు తోటలు చూపించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన మాట నాకు సగం అర్థమయ్యేది, అవ్వకు పూర్తిగా అర్థమయ్యేది. అవ్వ విప్పి చెప్పింది. "కొట్టిన చెరుకుకు మొదలు భూమిలనే ఉంటది గద, దాని నుంచి మల్ల పిలకలు రావా, మల్ల నాటుతమా? గిది గూడ గంతే అంటున్నడు." చెరకు మధ్య పుట్టి పెరిగినవాళ్ళం, మాకు అంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి! బాపు పేరున చిన్న మడి ఒకటి ఉండేది, ఆ ఖర్చుకు అది పోయింది. దాని లెక్కలు ఇప్పుడు తవ్వి లాభం లేదు.

సూది తుంటి ఎముకలోకి దింపినప్పుడు బాపు అరిచిన అరుపు బయట కారిడార్లోకి వినపడింది. మాట పోయింది గానీ అరుపు పోలేదు. అవ్వ కళ్ళు మూసుకుని పెదాలతో ఏదో పాడుకుంటూ కూర్చుంది. మరునాడు ఆ తీసిందేదో వెన్నులోకి ఎక్కించారు. తలనొప్పితో బాపు కొన్నాళ్ళు తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున జరిగింది. అవ్వ గ్లాసుతో చాయ్ తాగించబోతుంటే బాపు చెయ్యి చాపి గ్లాసు తానే అందుకున్నాడు. వణుకుతూనే నోటిదాకా తీసుకుపోయాడు. ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది" అన్నాడు. ముద్దగా కాదు, స్పష్టంగా, ఎప్పటి ఏసుదానంలాగే అన్నాడు.

అవ్వ నన్ను చూసింది, నేను అవ్వను చూశాను. "చక్కెర ఫ్యాక్టరోనికి చక్కెర తక్కువైందంట!" అని అవ్వ పకపకా నవ్వి, నవ్వుతూనే ఏడ్చేసింది. డబ్బాలో ఉన్న చక్కెరంతా గ్లాసులో ఒంపినంత పని చేసింది. నేను కూడా ఏడ్చాను, సిగ్గెందుకు. ఆ వారమంతా బాపు చెయ్యి కాస్త లేచింది, మాటలు రెండుమూడు తేటగా వచ్చాయి. ఇల్లంతా తేలికైంది. నేను ఆటోలో పాటలు పెట్టుకుని తిరిగాను.

కోత పండుగ ఆ ఆదివారమే వచ్చింది. మావాళ్ళు గుడి అని పిలుచుకునే మా చర్చిలో అది పెద్ద పండుగ. గడపకు అటూ ఇటూ చెరకు గడలు కట్టి, తొలి పంట తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నిటినీ హర్రాజులో వేలం పాడి అమ్ముతారు. ఆ మధ్యలో సాక్ష్యాలు. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి నిలబడి, అది ఏమిటో అందరి ముందూ చెప్పాలి. అందరూ "స్తోత్రం" అనాలి. చర్చిలో నిలబడి చెప్పిన సాక్ష్యం అంటే మావాళ్ళకు కోర్టులో ప్రమాణం కంటే ఎక్కువ. సాక్ష్యం చెప్పి మళ్ళీ కాదన్నవాళ్ళను నేను అంతవరకు చూడలేదు.

అవ్వ లేచింది. కొంగు తలమీదికి లాక్కుని చాప మీద నిలబడింది.

"నా పెనిమిటికి నరాలు చచ్చిపోతున్నయి, మందు లేదన్నరు. దేవుడు ఆ డాక్టర్ల చేతుల మీదికెల్లి కొత్త నరాలు మొలిపించిండు. నా పెనిమిటి బాగైండు. తన చెయ్యితోని చాయ్ తాగిండు. దేవునికి స్తోత్రం!"

చర్చి మొత్తం ఒక్కసారిగా "స్తోత్రం" అంది. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బాపు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బాపు మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఇంకా బాగు కాలే గదనే అవ్వా? డాక్టరు మూడు నెలలన్నడు. అప్పుడే బాగైండని ఎట్ల చెప్తవ్?"

"నీకు విశ్వాసం లేదురా. ఐనంక చెప్పుడు ఎవనికైనా వస్తది. ముందుగాలనే స్తోత్రం చెప్తే దేవుడు దాన్ని నిలబెట్టాలె, తప్పదు."

"నువ్వు దేవునికే కిరికిరి పెడుతున్నవ్."

"పెడ్త. నా మొగని కోసం ఎవ్వరికైనా పెడ్త" అని కోడిని కొయ్యడానికి కత్తి తీసుకుని పోయింది. ఆ కోడిని హర్రాజులో పోటీపడి గెలుచుకుంది తనే.

సాక్ష్యం ఊళ్ళకు పాకింది. రెంజల్ నుంచి, ఎడపల్లి నుంచి, ఎక్కడెక్కడి నుంచో మనుషులు బాపును చూడటానికి రావడం మొదలైంది. చాలామంది బస్టాండులో దిగి నా ఆటోనే ఎక్కేవాళ్ళు. "నరాలు మొలిచినాయన ఇల్లు తెలుసా?" అనేవాళ్ళు. తెలుసు అని ఎక్కించుకునేవాణ్ణి. అవ్వ అప్పటికే బాపుకు గడ్డం గీసి, తెల్లంగీ తొడిగి, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి ఉంచేది. వచ్చినవాళ్ళు వందనాలు చెప్పి, చేతులు కట్టుకుని చూసి పోయేవాళ్ళు.

కానీ ఆ మంచి వారం తర్వాత ఇంకో మంచి వారం రాలేదు. ముందు గ్లాసు మళ్ళీ అవ్వ చేతిలోకి వచ్చింది. తర్వాత మెడ నిలవడం మానేసింది. మింగుతుంటే పొలమారేది. మాట పూర్తిగా గాలైపోయింది, నాకు ఇక సగం కూడా అందేది కాదు. సూదికి ముందున్నదానికంటే అధ్వాన్నమయ్యాడు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, మూడు నెలలు ఆగండి, కావాలంటే రెండోసారి చేద్దాం అన్నారు.

వచ్చినవాళ్ళు బాపును నేరుగా అడిగేవాళ్ళు. బాపు ఏదో చెప్పేవాడు. అవ్వ విప్పి చెప్పేది. "మెల్లెమెల్లెగ తగ్గుతున్నదంటున్నడు" అనేది. నాకు అందిన ఒకటి రెండు ముక్కల్ని బట్టి ఆయన అన్నది అది కాదని తెలుసు. బాపు అవ్వ ముఖం చూసి ఊరుకునేవాడు.

ఒకసారి వాళ్ళు పోయాక నేను ఉండబట్టలేక, "గట్ల చెప్పుడు మంచిది కాదే అవ్వా" అన్నాను.

అవ్వ గిన్నె కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. చిన్నగా అంది. "నోటితోని ఒక్కసారి 'తగ్గలే' అన్ననంటే, ఇగ తగ్గదురా సామేలు. నేనే చేతులారా విడిచిపెట్టినట్టైతది. నాతోని గాదు."

అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఎవరినీ మోసం చెయ్యడం లేదని. బావిలో పడ్డవాడి తాడు పట్టుకున్నట్టు ఆ సాక్ష్యాన్ని పట్టుకుని ఉంది. వదిలితే ఆయన పోతాడు. ఆమె లెక్క అదీ.

డిసెంబరు సగం గడిచాక గంగవ్వ వచ్చింది. రెంజల్ నుంచి బస్సులో వచ్చి నా ఆటో ఎక్కింది. నలభై ఏళ్ళ మనిషి, చెరకు ఆకు కోసుకున్న గీతలు మోచేతుల దాకా ఉన్నాయి. భర్త లాజరుకు అచ్చం ఇదే జబ్బట. లాజరును నేనెరుగుదును. ఏటా యార్డుకు బండి తోలుకొచ్చే మనిషి, బాపుతో పరాచికాలాడేవాడు. కందకుర్తి వైపు నది ఒడ్డున వాళ్ళకు మంచి మడి ఉంది, ఆ కుటుంబానికి అదొక్కటే ఆధారం. దాన్ని అమ్మడానికి మాట అయిపోయిందని, కొత్త సంవత్సరం రాగానే రిజిస్ట్రీ అని దారిలో చెప్పింది.

ఇంట్లో ఆమె బాపు మంచం పక్కన కింద కూర్చుంది. "అన్నా, ఊరంత ఒక మాట సెప్పినా నాకు ధైర్యం సాలుతలేదు. నీ నోటితోని సెప్పు. మా ఆయన్ని తీస్కపోవాల్నా?"

బాపు ఆమెను చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అవ్వను చూశాడు. పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. గంగవ్వ వాటిని సంతోషపు కన్నీళ్ళు అనుకుంది కాబోలు, ఆయన పాదాలు ముట్టుకుని, "సాలు అన్నా, సాలు" అని లేచింది. అవ్వ లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి ఆమె కూడా ఏమీ విప్పి చెప్పలేదు.

తిరిగి బస్టాండుకు దింపుతూ నేనే ఆటో పక్కకు ఆపాను. "అత్తమ్మా, బాపుకు తగ్గలే. ఇంకింత ఎక్కువైంది. నువ్వు మడి అమ్మకు."

గంగవ్వ నన్ను వింతగా చూసింది. "గదేం మాట బిడ్డా? మీ అవ్వ గుళ్ళె నిలవడి సాక్ష్యం సెప్పింది. గుళ్ళె అబద్ధమాడ్తరా ఎవలన్న? సదువుకున్న పోరగాండ్లకు నమ్మకాలుండయి." ఇక నేనేమి చెప్పినా చెవిన పెట్టలేదు. బస్సెక్కుతూ, మంచి మాట పలకడం నేర్చుకొమ్మని నాకే బుద్ధి చెప్పి పోయింది.

ఇంటికొచ్చేసరికి బాపు మెలకువగా నా కోసమే చూస్తున్నాడు. అవ్వ నీళ్ళకు పోయింది. ఆయన ఏదో చెప్పాడు, నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. చెవి నోటి దగ్గర పెట్టి విన్నాను. చాలాసేపటికి రెండు మాటలు దొరికాయి. గుడి. లాజరు.

"లాజరును గుడికి తీసుకురావాల్నా?"

కళ్ళు మూసి తెరిచాడు. అవునని.

"నువ్వు గుళ్ళె మాట్లాడ్తవా?"

మళ్ళీ కళ్ళు మూసి తెరిచాడు. "నీ మాట ఎవరికి అర్థమైతది బాపూ?" అనబోయి మింగేశాను. అర్థమయ్యే మనిషి ఒక్కతే ఉంది. అది ఆయనకూ తెలుసు.

ఆ ఏడాది చివరి ఆదివారం కృతజ్ఞతారాధన. లాజరును, గంగవ్వను నేను ముందే కబురుపెట్టి పిలిపించాను. మీ కోసం ప్రార్థన చేయిస్తామని చెప్పాను, అదీ అబద్ధం కాదు. లాజరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మెడ ఇంకా నిలుస్తోంది, చేతులు మాత్రం ఒడిలో ఊరికే పడి ఉన్నాయి. బాపును నేను చేతుల మీద ఎత్తుకుని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. అప్పటికే ఆయన బరువేమీ లేడు. అవ్వ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. ఆమెకు ఇదేమీ తెలియదు.

సాక్ష్యాల వేళ అయ్యగారు, ఎవరైనా ఉన్నారా అన్నాడు. బాపు నా చెయ్యి నొక్కబోయాడు, నొక్కలేకపోయాడు. నాకు అర్థమై, చంకల కింద చేతులు వేసి నిలబెట్టాను. జనమంతా తిరిగి చూశారు. "స్తోత్రం, స్తోత్రం" అని కొందరు అప్పుడే మొదలుపెట్టారు.

బాపు మాట్లాడాడు.

మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. అందులో ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఒకప్పుడు యార్డు ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచిన మనిషి. జనం ముఖముఖాలు చూసుకున్నారు. అయ్యగారు అవ్వవైపు తిరిగి, "శారమ్మా, ఏమంటున్నడమ్మా?" అన్నాడు.

మైకు చేతులు మారి అవ్వ దగ్గరకు వచ్చింది. అవ్వ లేచింది. ఆమె ఏం చెప్పినా జనం నమ్ముతారు. తగ్గుతోంది అంటే చాలు, అందరూ స్తోత్రం చెప్పి పండుగ చేసుకుంటారు. ఆమె మాట తప్పని చెప్పగలవాళ్ళు ఆ చర్చిలో లేరు, నాకూ ముక్కలే తెలుసు. బాపు ఆమెనే చూస్తున్నాడు. అదిలింపు లేదు ఆ చూపులో, బతిమాలుతున్నాడంతే.

"నాకు తగ్గలే, అంటున్నడు."

చాలా మెల్లిగా చెప్పింది. మైకులో అందరికీ వినపడింది.

బాపు మళ్ళీ మాట్లాడాడు. అవ్వ చెప్పింది. "సూదులు ఇచ్చినంక జర నయమనిపించింది, నిలువలే. ఇప్పుడు ముందటికంటే ఎక్కువైంది, అంటున్నడు." మళ్ళీ ఆయన, మళ్ళీ ఆమె. "గంగవ్వా, లాజరును తీస్కపోకు. నది మడి అమ్మకు. నీకు, పిల్లలకు అదే దిక్కు, అంటున్నడు."

ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. "మరి ఆనాడు చెప్పిందేంది?" అని ఎవరో అన్నారు, మా అవ్వకు వినపడేటట్టే అన్నారు.

బాపు ఇంకొక మాట అన్నాడు. అవ్వ నోరు విప్పలేదు. వద్దన్నట్టు ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆ శ్రమకు నా చేతుల్లో ఆయన ఒళ్ళంతా వణికింది. "చెప్పమ్మా" అన్నాడు అయ్యగారు.

"శారమ్మ అబద్ధం ఆడలే, అంటున్నడు." అవ్వ మైకును రెండు చేతులతో పట్టుకుని, "ఆశపడ్డది, అంటున్నడు" అంది.

మైకు చాప మీద పెట్టేసి, ముఖం నిండా కొంగు కప్పుకుని కూర్చుండిపోయింది. సాక్ష్యం అయ్యాక స్తోత్రం చెప్పడం ఆనవాయితీ. ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు. అయ్యగారు కూడా కుర్చీలో కూర్చుండిపోయాడు.

గంగవ్వ లేచింది. మా అవ్వ వంక చూడనైనా చూడకుండా లాజరు చంక కింద చెయ్యి వేసి లేపింది. ఆమె ముఖంలో కోపం ఉంది, కోపం కంటే పెద్దది కూడా ఏదో ఉంది. చివరి దారి కూడా మూసేశాం కదా మేం. గడప దాటబోతూ లాజరు ఆగి, వెనక్కి తిరిగి బాపును చూశాడు. యార్డులో తన బండి వంతు వచ్చినప్పుడు చూసే చూపు లాంటిదే అది, నవ్వు మాత్రం లేదు.

వాళ్ళు మడి అమ్మలేదు. లాజరు ఆ తర్వాత రెండు పంటలు చూసి పోయాడు. పిల్లలు ఇప్పటికీ ఆ మడిలోనే చెరకు పెడుతున్నారు. బాపు మాత్రం మరుసటి వానాకాలం కూడా చూడలేదు. సమాధి దగ్గరకు గంగవ్వ వచ్చి, మా అవ్వ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని పొద్దుగూకేదాకా ఉంది. ఆ మూలకణాల మీద నాకు కోపం లేదు. ఎక్కడో ఎవరో నిజాయితీగానే వాటితో కుస్తీ పడుతున్నారని, ఏదో ఒక రోజు ఫలిస్తుందని పేపర్లో చదువుతుంటాను, ఫలించాలనే కోరుకుంటాను. పచ్చి చెరకును పక్వమైందని తెచ్చి మాకు అమ్మినవాళ్ళ మీదే నా కోపం. అది ఈ జన్మకు పోదు.

కానీ ఆ సీజను అనగానే నాకు గుర్తొచ్చేది చర్చి కాదు. ఆ మధ్యాహ్నం ఇంటికి వస్తున్న దారి. చెరకు బండ్లు రోడ్డంతా నిండి ఉన్నాయి, నేను మెల్లిగా పోనిస్తున్నాను. వెనక సీట్లో బాపు తల అవ్వ భుజం మీద ఉంది. అవ్వ చర్చిలో ఏడవలేదు, దారిలోనూ ఏడవలేదు. చాలా దూరం వచ్చాక, బజారుకు పోయేవాణ్ణి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"ఇగ పోతవా మరి?"

బాపు ఏదో అన్నాడు. చిన్న మాట కాదు, చాలాసేపు చెప్పాడు. ఇంజను చప్పుడులో నాకు ఒక్క ముక్క కూడా అందలేదు. అద్దంలో చూస్తే అవ్వ వింటూ తల ఊపుతోంది. విప్పి చెప్తుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను.

అవ్వ చెప్పలేదు. నేను అడగలేదు.